ఒకే పేజీ, తలో స్క్రీన్‌లో తలో రంగు ఎందుకు?

వెబ్ పేజీకి మీగడ రంగు బ్యాక్‌గ్రౌండ్ పెట్టాను, నా ల్యాప్‌టాప్‌లో బాగుంది, ఆఫీసు మానిటర్‌లో తెల్లగా, ఫోన్‌లో పసుపుగా కనిపిస్తోంది, కోడ్ తప్పా అని మీరు అడిగారు. కోడ్ తప్పు కాదండి. నేను విజయనగరంలో బట్టల దుకాణాలకు పేజీలు చేస్తుంటాను, ఈ గొడవ నాకు బాగా తెలుసు.

ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎంతెంత ఉండాలో చెప్పే మూడు అంకెలే మీరు రాసేవి. వాటిని వెలుతురుగా మార్చే పని స్క్రీన్‌ది. మీగడ రంగుకి నేను వాడేది 250, 243, 224. అచ్చ తెలుపు మూడూ 255. తేడా చూడండి: ఎరుపు దాదాపు తగ్గలేదు, నీలమే 31 తగ్గింది. మీగడ రంగంటే నీలం కాస్త తగ్గిన తెలుపన్నమాట. మానిటర్ నీలం వైపు మొగ్గితే ఆ తగ్గింది కాస్తా పూడిపోయి తెల్లగా అయిపోతుంది. ఫోన్‌లో నైట్ లైట్ (రాత్రి వేళ కళ్ల కోసం నీలం తగ్గించే సెట్టింగ్) వేసి ఉంటే ఉన్న నీలం కూడా తగ్గి పసుపు తేలుతుంది. అందుకే ముదురు మెరూన్ కన్నా ఇలాంటి లేత రంగులే ఎక్కువ ఏడిపిస్తాయి.

ఈ తేడాలు తగ్గాలనే 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి ఎస్‌ఆర్‌జీబీ అనే ప్రమాణం, అంటే ఏ అంకెకి ఏ రంగు కనిపించాలో చెప్పే ఉమ్మడి కొలత, ప్రతిపాదించాయి. అందులో తెలుపు 6500 కెల్విన్ (తెలుపు ఎంత నీలంగా, ఎంత పసుపుగా ఉండాలో చెప్పే కొలత), గామా (అంకె పెరిగేకొద్దీ వెలుతురు ఏ తీరున పెరగాలో చెప్పే లెక్క) సుమారు 2.2. అంతకు ముందు మ్యాక్‌ల గామా 1.8 ఉండేది, 2009 దాకా అలాగే నడిచింది. గామా తగ్గితే రంగులు లేతబడతాయి, అందుకే అప్పట్లో విండోస్‌లో చేసిన పేజీ మ్యాక్‌లో వెలిసినట్టుండేది. ఇప్పుడు గామా గొడవ తగ్గింది గానీ, చూసే కోణం మారితే రంగు మారే చవక టీఎన్ రకం స్క్రీన్లు ఇంకా ఉన్నాయి. ల్యాప్‌టాప్ మూత కొంచెం వెనక్కి వంచి చూడండి, రంగు మారిపోతే మీది బహుశా అదే రకం.

పొందూరు ఖద్దరు అమ్మే పేజీ చేసినప్పుడు ఇది బాగా తెలిసొచ్చింది. రంగు వేయని ఖద్దరు మీగడ రంగు ఛాయలో ఉంటుంది, కొన్నవాళ్లు "తెలుపనుకున్నాం" అనేవారు. పాపం, వాళ్ల స్క్రీన్‌లో అది తెలుపే.

ముందు నైట్ లైట్ ఆపండి, ఫోన్‌లో రంగుల్ని ముదిరించి చూపే వివిడ్ మోడ్ తీసేసి న్యాచురల్ పెట్టండి. మానిటర్ మెనూలో కలర్ టెంపరేచర్ 6500 చేయండి. ఫొటోలు ఎస్‌ఆర్‌జీబీలోనే సేవ్ చేయండి. అడోబ్ ఆర్‌జీబీ అనే ఇంకో రంగుల కొలతలో ఉంచితే, ప్రొఫైల్ (ఫొటో ఏ కొలతలో ఉందో చెప్పే గుర్తు) పట్టించుకోని యాప్‌లో అవి పాలిపోతాయి. ఇంత చేసినా అవతలివాళ్ల స్క్రీన్ మీ చేతిలో ఉండదు. కాబట్టి పగటి వెలుతురులో, బట్ట పక్కన ఒక తెల్ల కాగితం పెట్టి ఫొటో తీయండి. స్క్రీన్ ఎటు మొగ్గినా రెండూ కలిసే మొగ్గుతాయి, తేడా చాలావరకు నిలుస్తుంది. కింద "మీగడ రంగు, తెలుపు కాదు" అని మాటల్లో కూడా రాయండి.