పాత రాక్ సంగీతకారులను రేడియోలో పలకరించబోయే మేనల్లుడికి

చిరంజీవికి మామయ్య ఆశీస్సులు.

డెబ్బయ్యో దశకంలో పేరు తెచ్చుకున్న గిటారిస్టు ఒకరు బర్మింగ్‌హామ్‌లోని మీ కమ్యూనిటీ రేడియోకు ఇంటర్వ్యూ ఇవ్వడానికి ఒప్పుకున్నారనీ, ఆ బాధ్యత నీకు అప్పగించారనీ మీ అమ్మ చెప్పగా విని ఎంతో సంతోషించాను. ఆ ఊళ్లోనే ఇరవై ఏళ్లు ఇదే పని చేసినవాణ్ణి గనుక, నాకు తెలిసినది నీకు రాయకుండా ఉండలేకపోతున్నాను.

నేను మొదటిసారి ఒక వృద్ధ డ్రమ్మర్ ఎదుట కూర్చున్నప్పుడు, బ్యాండు ఎలా మొదలైందని అడిగాను. ఆయన ఆరు నిమిషాలు ధారాళంగా మాట్లాడారు. పొంగిపోతూ ఇంటికి వచ్చి ఆయన పాత ఇంటర్వ్యూ ఒకటి వింటే అవే మాటలు, అవే విరామాలు, నవ్వు కూడా అదే చోట. తప్పు ఆయనది కాదు. ఏళ్ల తరబడి ఒకే ప్రశ్న విన్నవారి దగ్గర ఒకే జవాబు అరిగి అరిగి నున్నబడి ఉంటుంది. దాన్ని దాటించగలిగేది చేతిపనికి సంబంధించిన ప్రశ్న ఒక్కటేనని నా నమ్మకం.

మీ ఊరి బ్లాక్ సబాత్ బ్యాండు గిటారిస్టు టోనీ అయోమీ సంగతే తీసుకో. పదిహేడేళ్ల వయసులో రేకుల ఫ్యాక్టరీలో యంత్రం కింద కుడిచేతి రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్న వైనం బ్లాక్ సబాత్ అభిమానులందరికీ కంఠతా వచ్చు. ఆయన చేత దాన్ని మళ్లీ చెప్పించడం కన్నా, ప్లాస్టిక్ సీసా కరిగించి చేసుకున్న తొడుగులపై తోలు ఎలా అతికించేవారు, తీగను ఎంత గట్టిగా నొక్కుతున్నదీ వేలికి తెలియనప్పుడు చెవితో ఎలా సరిచూసుకునేవారు అని అడిగితే, జవాబు చెప్పే ముందు మనిషి తన చేతివైపు చూసుకుంటాడు. ఆ తరువాత వచ్చే మాటే నీకు కావలసినది.

అలాగే 1971 డిసెంబరులో స్విట్జర్లాండ్‌లోని మాంత్రూ క్యాసినో తగలబడిన కథను, అక్కడ ఆల్బమ్ రికార్డు చేయబోయిన డీప్ పర్పుల్ బ్యాండు వారిని అడగనివారు లేరు. నేనైతే ఆ తరువాతి రోజుల గురించి అడుగుతాను. మూసి ఉన్న గ్రాండ్ హోటల్ నడవాల్లో పరుపులు అడ్డుపెట్టుకుని వాయించారు. వాయించినది వినాలంటే గదులూ బాల్కనీలూ దాటుకుంటూ బయట నిలిపిన రోలింగ్ స్టోన్స్ బ్యాండు వారి రికార్డింగ్ బండి దాకా వెళ్లవలసి రావడంతో, చివరికి వెళ్లడమే మానుకున్నారు. వినకుండానే ఇది బాగా వచ్చిందని ఆ ఐదుగురూ ఎలా తేల్చుకున్నారన్న ప్రశ్న మీద గంటసేపు కార్యక్రమం నడపవచ్చు.

ప్రశ్నల వరుస విషయంలో పింక్ ఫ్లాయిడ్ బ్యాండు వారి రోజర్ వాటర్స్ నాకు గురువు. 1973లో వచ్చిన ఆల్బమ్ కోసం ఆయన అబీ రోడ్ స్టూడియోలో ఉన్నవారికి ప్రశ్నలు రాసిన కార్డులు చూపించి, ఇష్టమైన రంగు వంటి తేలిక విషయాలతో మొదలుపెట్టి మరణభయం దాకా తీసుకువెళ్లారు. బీటిల్స్ బ్యాండు పాల్ మెకార్ట్నీ అంతటివాడి జవాబులను పక్కన పెట్టి, ఆ స్టూడియో తలుపు దగ్గర పనిచేసే జెర్రీ ఓడ్రిస్కాల్ మాటలను ఆల్బమ్‌లో ఉంచారు. నీవు కూడా, మరణించిన సహచరుల ప్రస్తావనను మొదటి పావుగంటలో తేవద్దు.

ఇక వినికిడి సంగతి. బ్రయాన్ జాన్సన్ వంటి గాయకుడే వినికిడి దెబ్బతిన్న కారణంగా 2016లో తన బ్యాండు ఏసీ డీసీ పర్యటన మధ్యలో ఆగిపోవలసి వచ్చింది. అందుచేత నీ పెదవులు కనిపించేలా ఎదురుగా కూర్చో, హెడ్‌ఫోన్స్ శబ్దాన్ని నీ అతిథినే సరిచేసుకోనివ్వు. ఆయన మాట మధ్యలో ఆగితే మరచిపోయారనుకుని అందించకు, మనసులో పది లెక్కపెట్టు. ఏడాది తప్పు చెబితే అక్కడికక్కడ దిద్దకుండా, ప్రసారానికి ముందు నీ వ్యాఖ్యానంలో సరైనది చేర్చు.

ప్రశ్నలు రాసుకున్నాక ఆదివారం ఫోన్ చేసి నాకు చదివి వినిపించు. జవాబు నేను ముందే చెప్పగలిగిన ప్రశ్నలన్నీ కొట్టివేద్దాం.

ఆశీస్సులతో,
మామయ్య