సెన్సస్ పుస్తకం అడిగితే ఇవ్వరా?

ప్రశ్న: మాది పలమనేరు దగ్గర పల్లె. మా ఊరి జనాభా, చెరువు కింద సాగు వివరాలున్న పాత సెన్సస్ పుస్తకం కోసం లైబ్రరీకి పోతే ‘ప్రభుత్వ పుస్తకాలు ఇంటికివ్వం’ అన్నారు. చదువుకోవడానికీ వీలుండదా?
- ఒక పాఠకురాలు, చిత్తూరు జిల్లా

జవాబు: ఇంటికివ్వకపోవడం మామూలేనమ్మా, అది రిఫరెన్స్ పుస్తకం. అక్కడే కూర్చుని రాసుకుంటానని గట్టిగా అడగండి. ఇంటి పన్నుతోపాటు గ్రంథాలయ పన్నూ కడుతున్నాం, మొహమాటం దేనికి?

మీక్కావలసింది ‘జిల్లా సెన్సస్ హ్యాండ్‌బుక్’. ఊరూరికీ జనాభా, బడి, సాగునీటి వివరాలు వరసలో ఉంటాయి. 1981 పుస్తకంలో మండలం వెతికితే దొరకదు. మండలాలొచ్చింది 1985లో, కాబట్టి పలమనేరు తాలూకా కింద చూడండి. 1911కు ముందువైతే ఉత్తర ఆర్కాటు జిల్లా పేరుతో ఉంటాయి. మా తిరుపతి వాళ్లు కూడా 2022కు ముందు లెక్కలకు చిత్తూరు పుస్తకమే తియ్యాలి. ఈ సంగతి తెలియక ఎంతోమంది పిల్లలు ఉత్త చేతులతో వెనక్కి పోవడం చూశాను, బాధేస్తుంది.

2011 పుస్తకం సెన్సస్ వెబ్‌సైట్‌లో ఉచితం. జిల్లాలో దొరకని పాతవాటికి చెన్నై ఎగ్మోరులోని కన్నెమరా లైబ్రరీకి వెళ్లండి. 1954 చట్టం ప్రకారం దేశంలో అచ్చయ్యే పుస్తకాల ప్రతి అక్కడికి చేరాలి. ఆఫీసు వాడకానికే పరిమితమైనవి తప్ప ప్రభుత్వ ప్రచురణలకూ అదే నియమం. వెళ్లేముందు పుస్తకం పేరు, సంవత్సరం, తాలూకా ఒక కాగితం మీద రాసుకోండి.