కాంటా ఆగిందని డోసు పెంచకు తమ్ముడూ

బెంగళూరు మారతహళ్లి పీజీలో ఉంటూ కండ కోసం స్టెరాయిడ్ ఇంజెక్షన్లు మొదలుపెట్టావు, 5 వారాల్లో 7 కిలోలు పెరిగావు, 3 వారాలుగా కాంటా కదలట్లేదు, ట్రైనర్ డోసు పెంచమంటున్నాడు. దయచేసి పెంచకు.

ఆ 7 కిలోల్లో నీళ్ల బరువు బాగానే ఉంటుంది. రాత్రి సాక్సు తీశాక చీలమండ పైన ఎముక మీద బొటనవేలితో గట్టిగా నొక్కి చూడు. గుంట పడి వెంటనే పూడకపోతే ఒంట్లో నీరు చేరినట్టే. 1996లో అమెరికాలో అచ్చయిన ఒక అధ్యయనంలో, టెస్టోస్టెరాన్ (కండ పెంచే మగ హార్మోన్) తీసుకుంటూ బరువులెత్తినవాళ్లకు కూడా 10 వారాల్లో పెరిగిన కొవ్వులేని బరువు సుమారు 6 కిలోలే!

పైగా కండ పెరిగేకొద్దీ తిండీ పెరగాలి. పీజీలో పొద్దున ఇడ్లీ, రాత్రి సాంబారన్నం అంటే ప్రోటీన్ ఎక్కణ్నుంచి వస్తుంది? కిలో బరువుకి రోజుకి 1.6 గ్రాములైనా పడాలి. నిద్ర కూడా చూసుకో.

డోసు పెంచితే రక్తం చిక్కబడటం, బీపీ, మంచి కొలెస్ట్రాల్ పడిపోవడం ఇంకా ముదురుతాయి. నీ సొంత టెస్టోస్టెరాన్ తయారీ ఇప్పటికే మూతపడి ఉంటుంది, అందుకే ఎలా ఆపాలో ఎండోక్రైనాలజిస్ట్‌నే (హార్మోన్ల డాక్టర్‌నే) అడుగు. ఏం వాడావో దాచకుండా చెప్పు, ఆ సీసా కూడా పట్టుకెళ్లు. ఛాతీ నొప్పి, ఆయాసం ఉంటే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకు, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లు.