ఫ్లాటు ఇద్దరిదీ, మరి అప్పు ఎవరిది?

ప్రశ్న: హిందూ సంప్రదాయంలో మా పెళ్లి జరిగి పదకొండేళ్లయింది. పరస్పర అంగీకారంతో విడిపోదామని నేనూ నా భర్తా నిర్ణయించుకున్నాము. ఇద్దరి పేరిటా ఒక ఫ్లాటు ఉంది. దాని గృహరుణంలో నేను సహ రుణగ్రహీతను. మొదటి నాలుగేళ్లు వాయిదాలు నా జీతంలోంచి, తరువాత ఆయన ఖాతాలోంచి వెళ్లాయి. ఫ్లాటు తానే ఉంచుకుని మిగిలిన అప్పు తానే కడతానని ఆయన అంటున్నారు. ఇవి కాక, వ్యాపారం కోసం ఆయన తీసుకున్న వ్యక్తిగత రుణం ఒకటి, నా నగలు కుదువపెట్టి తన పేరిట తెచ్చిన బంగారు రుణం ఒకటి ఉన్నాయి. వీటన్నిటినీ ఫ్యామిలీ కోర్టు ఎలా పంచుతుంది?

జవాబు: విడాకులప్పుడు భార్యాభర్తల ఆస్తులన్నీ ఒకచోట చేర్చి చెరిసగం చేసే పద్ధతి మన దేశంలో లేదు. దంపతుల ఆస్తి తగాదాలను విచారించే అధికారం 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం 7వ సెక్షన్ ఆ కోర్టుకు ఇచ్చింది గాని, ఎవరికెంత అన్నది మామూలు సివిల్ చట్టాల ప్రకారమే తేలుతుంది.

సేల్ డీడులో మీ వాటాలు రాసి ఉంటే అవే వాటాలు. రాయకపోతే, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 45వ సెక్షన్ ప్రకారం ఎవరు పెట్టిన సొమ్మును బట్టి వారికి హక్కు ఉంటుంది. సొమ్ముకు రుజువు లేనప్పుడే సమాన వాటాలుగా భావిస్తారు. కాబట్టి మీరు వాయిదాలు కట్టిన నాలుగేళ్ల బ్యాంకు స్టేట్‌మెంట్లు ఇప్పుడే తీసి దగ్గర పెట్టుకోండి. రాజీ కుదరక దావా దాకా వెళితే, ఫ్లాటును మధ్యలో గోడ కట్టి పంచలేరు గనుక, 1893 నాటి విభజన చట్టం కింద దాన్ని అమ్మి సొమ్ము పంచడమో, విలువ కట్టించి ఒకరి వాటాను మరొకరు కొనుక్కోవడమో జరుగుతుంది.

మీరు నిజంగా జాగ్రత్తపడవలసింది గృహరుణం విషయంలో. ఇద్దరూ కలిసి తీసుకున్న అప్పు మొత్తాన్ని, 1872 నాటి కాంట్రాక్టు చట్టం 43వ సెక్షన్ కింద, బ్యాంకు మీలో ఏ ఒక్కరినుంచైనా వసూలు చేసుకోవచ్చు. అప్పు తానే కడతానని మీ వారు ఒప్పంద పత్రంలో రాసినా, కోర్టు ఆ మాటను డిక్రీలో, అంటే తన తుది ఉత్తర్వులో చేర్చినా, అది మీ ఇద్దరి మధ్యే చెల్లుతుంది. బ్యాంకు అందులో పక్షం కాదు. రేపు ఆయన వాయిదాలు ఆపేస్తే నోటీసు మీకూ వస్తుంది, మీ అప్పుల చరిత్ర చూపే సిబిల్ నివేదికలోనూ ఆ బకాయి కనబడుతుంది, అప్పటికే ఫ్లాటులో హక్కు వదులుకున్న మీరు డబ్బు కట్టి ఆ డిక్రీ పట్టుకుని ఆయన వెంట పడవలసి వస్తుంది.

అందువల్ల మిమ్మల్ని రుణం నుంచి తప్పించినట్లు బ్యాంకు రాతపూర్వకంగా ఇచ్చేదాకా హక్కు విడుదల దస్తావేజు మీద సంతకం చేయకండి. బ్యాంకు ఒప్పుకుని తీరాలన్న నియమం ఏమీ లేదు. ఆయన ఒక్కరి ఆదాయం చాలదనుకుంటే కాదంటుంది. అప్పుడు ఆయన మరో బ్యాంకులో తన ఒక్కరి పేరిట రుణం తీసుకుని పాతది తీర్చాలి, లేదా ఫ్లాటు అమ్మి అప్పు పోగా మిగిలినది ఇద్దరూ పంచుకోవాలి. పరస్పర అంగీకార విడాకులలో పిటిషను వేసిన తరువాత ఆరు నెలల వ్యవధి ఉంటుంది. తగిన సందర్భాలలో దాన్ని మినహాయించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది కదా అని అందరూ మినహాయింపు కోసం తొందరపడుతున్నారు. నన్నడిగితే మీరు ఆ దరఖాస్తు వేయకపోవడమే మంచిది. బ్యాంకు పని తెమలడానికి ఆ ఆరు నెలలు కావాలి, పైగా డిక్రీ వచ్చేలోగా అంగీకారాన్ని వెనక్కి తీసుకునే హక్కు మీకు ఉంటుంది.

ఆయన వ్యక్తిగత రుణంలో సహ రుణగ్రహీతగా గాని, జామీనుదారుగా గాని మీరు సంతకం చేయకపోతే దానితో మీకు సంబంధం లేదు. చేశారో లేదో జ్ఞాపకం మీద ఆధారపడక, మీ క్రెడిట్ నివేదిక తెప్పించి చూసుకోండి.

నగలు మీ స్త్రీధనం, అంటే మీ ఒక్కరికే చెందిన సొత్తు. అవి భర్త చేతిలో ఉన్నా ఆయన కేవలం వాటిని భద్రపరిచేవాడేనని సుప్రీంకోర్టు 1985లోనే స్పష్టం చేసింది. అప్పు తీర్చి నగలు విడిపించి ఇవ్వవలసిన బాధ్యత ఆయనదేనని ఒప్పందంలో తేదీతో సహా రాయించండి. నగలే లేవని ఆయన రేపు బుకాయించకుండా తాకట్టు రసీదు నకలు సంపాదించండి: గొలుసు, గాజులు, హారం అంటూ ఒక్కొక్క వస్తువు పేరు, మొత్తం బరువు, రాళ్లు తీసేసిన నికర బరువు అందులో విడివిడిగా ఉంటాయి. పెళ్లి ఫొటోల కన్నా అది గట్టి సాక్ష్యం.

ప్రశ్న: నా జీతం డబ్బుతో స్థలం కొని భార్య పేరిట రిజిస్టరు చేయించాను. ఇప్పుడు విడిపోతున్నాము. అది నాదేనని అడగవచ్చా?

జవాబు: అడగవచ్చు. వేరొకరి పేరిట కొన్న ఆస్తిని తనదని అడగనీయనిది బినామీ చట్టం. లెక్క చూపగల ఆదాయంతో భార్య పేరిట కొన్న ఆస్తిని అది తన పరిధి నుంచి మినహాయించింది. అయితే డబ్బు మీదని చూపినంత మాత్రాన సరిపోదు. ఆమెకు కానుకగా కాక మీ సొంతానికే కొన్నారని మీరే రుజువు చేయాలి. అసలు దస్తావేజులు ఎవరి దగ్గర ఉన్నాయి, స్వాధీనం ఎవరిది, పన్ను ఎవరు కడుతున్నారు, ఆమె పేరిట ఎందుకు కొన్నారు అన్నవన్నీ కోర్టు చూస్తుంది.