వీడియో డబుల్ వేరు, అమ్మ డబుల్ వేరు

ప్రశ్న: అమ్మా, మా ఆడపడుచు మనవరాలికి క్రోషే (కొక్కెం సూది) అల్లికతో ఊలు దుప్పటి అల్లుతున్నాను. బుడిపెలు లేచే పాప్‌కార్న్ కుట్టు ఫోనులో చూశాను. ‘ఒకే కన్నంలో 5 డబుల్ క్రోషేలు’ అంది. మా అమ్మ నేర్పిన డబుల్ క్రోషేనే వేస్తున్నాను. ఆవిడకి జీడిపిక్కలా లేస్తోంది, నాది దోమ కుట్టిన దద్దులా ఉంది. పైగా కొన్ని వెనక్కి తిరిగిపోతున్నాయి. ఏటి తప్పు?
– ఒక పాఠకురాలు, పలాస

జవాబు: మీ చేతిని అనుమానించకండి. మీ అమ్మగారు నేర్పింది ఇంగ్లండు లెక్క, వీడియో ఆవిడది అమెరికా లెక్క. వాళ్ళ డబుల్ మనకి ట్రెబుల్. మన డబుల్‌ని వాళ్ళు సింగిల్ అంటారు. అది పొట్టి కుట్టు, అందుకే మీ బుడిపె లేవట్లేదు. ‘సింగిల్ క్రోషే’ అన్న మాట వినబడిందా, అది అమెరికా లెక్కే. ఇంగ్లండు లెక్కలో ఆ పేరే లేదు.

ఈ తిరకాసు తెలీక నేనూ ఓసారి సిరిమాను సంబరం ముందురోజు రాత్రంతా కూర్చుని చంటిపిల్ల టోపీ అల్లాను. చుట్టుకొలత సరిపోయింది, ఎత్తు రాలేదు. పెడితే నెత్తి మీద పళ్ళెంలా కూర్చుంది! మా ఆయన ఇప్పటికీ నవ్వుతారు.

కాబట్టి సూదికి ముందే ఒకసారి ఊలు చుట్టుకుని ట్రెబుల్ వెయ్యండి. ఒకే కన్నంలో 5 అయ్యాక లూపు కాస్త వదులు చేసి సూది తీసెయ్యండి. 5లో మొదటిదాని తలలోకి సూది గుచ్చి, వదిలేసిన లూపుని అందులోంచి లాగి, ఒక చైన్‌తో (సూది మీది లూపులోంచి ఊలు ఒకసారి లాగడం) బిగించండి. ఆ చైన్‌ని పై వరసలో కుట్టుగా లెక్కెట్టారో, దుప్పటి వరసవరసకీ వెడల్పైపోతుంది.

వెనక్కి తిరగడం అంటారా, దుప్పటి తిప్పి అల్లుతున్నారు కదా. మంచివైపు మీకు ఎదురుగా ఉన్నప్పుడు మొదటి ట్రెబుల్‌లోకి సూది ముందునించి గుచ్చాలి. తిరగవైపు వరసలో వెనకనించి గుచ్చాలి. అంతే తేడా. నేనైతే తిరగవైపు వరసల్లో అసలు పాప్‌కార్నే వెయ్యను, ఉత్త డబుల్‌తో (మన డబుల్!) కానిచ్చేస్తాను.

ఊలు మాత్రం మామూలు అల్లిక కంటే బాగా ఎక్కువ తింటుంది. ఒకే లాటువి (ఒకేసారి రంగు అద్దినవి) ముందే కొని పెట్టుకోండి, తర్వాత వెళితే రంగు కలవదు. అయ్యాక ఇస్త్రీ పెట్టకండి, బుడిపెలు అణిగిపోతాయి.