నీ పిన్ నీ వేలికే తెలియాలి

హన్మకొండ

చిరంజీవికి పెద్దబాపు ఆశీస్సులతో వ్రాయునది.

ఈ లేఖను నీ ఫోనే నీకు చదివి వినిపిస్తుందని తలచుకుంటేనే సంతోషంగా ఉన్నది. అయితే చూపు పోయినప్పటి నుండి చెల్లింపులన్నీ నీ స్నేహితుడే చేసిపెడుతున్నాడనీ, నీ యూపీఐ పిన్ అతనికి తెలుసుననీ మీ అమ్మ చెప్పినప్పుడు నా మనసు కలుక్కుమన్నది. అతను మంచివాడే కావచ్చు, కాని ఆ అంకెలు నీ ఒక్కడికే తెలియాలి.

ముందుగా, తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే టాక్‌బ్యాక్‌కు తెలుగు గొంతు పెట్టుకొని, వేగం తగ్గించుకో. తెర మీద వేలిని మెల్లగా జరుపుతూ పోతే వేలి కింద ఉన్నదాని పేరు చెబుతుంది. కావలసినది వినబడగానే రెండుసార్లు తట్టాలి. మొదటి వారం ఫోను ఎత్తడం, పెట్టడం తప్ప మరేదీ ముట్టుకోకు, ఎందుకంటే తొందరపడి అన్నీ ఒకేసారి నేర్చుకోబోయిన వారే విసిగి ఫోనును పక్కన పడేయడం నేను చూశాను.

డబ్బు పంపేటప్పుడు ఒక చెవికి ఇయర్‌ఫోన్ తప్పనిసరి. క్యూఆర్ కోడ్‌కు కెమెరా గురిపెట్టడం మనకు కష్టం కనుక, నేను కూరగాయల అంగడిలో దుకాణదారుని ఫోను నంబరు అడిగి కొట్టుకుంటాను, తెర మీద వచ్చిన పేరును విని, "మీ పేరు ఇదేనా అమ్మా?" అని అడిగి, ఆమె అవునన్న తరువాతే పిన్ కొడతాను. ఆమె సౌండ్‌బాక్స్ మొత్తాన్ని పైకి చెప్పేదాకా అక్కడి నుండి కదలను.

నోట్లకు రిజర్వు బ్యాంకు 2020 జనవరి 1న విడుదల చేసిన, నోటు విలువను పైకి చెప్పే మణి యాప్ ఉన్నది. అది నెట్ లేకున్నా పనిచేస్తుంది. చేతితో గుర్తుపట్టాలంటే, కొత్త నోట్లలో వంద 142 మిల్లీమీటర్ల పొడవు, రెండు వందలు 146, ఐదు వందలు 150. వంద నోటు అంచున నాలుగు ఉబ్బెత్తు గీతలు, ఐదు వందల నోటుకు ఐదు ఉంటాయి గాని, నలిగిన నోట్ల మీద అవి అరిగిపోతాయి.

ఒక రోజు నేను వాడే బ్యాంకు యాప్ కొత్త రూపం తెచ్చుకొని, "పంపు" అని పలికే చోట "అన్‌లేబుల్డ్ బటన్" అనడం మొదలుపెట్టింది. తయారుచేసినవారు బటన్‌కు పేరు రాయకపోతే టాక్‌బ్యాక్ మాత్రం ఏమి చెప్పగలదు? ఆ నెల కరెంటు బిల్లు పక్కింటి అబ్బాయి కట్టవలసి వచ్చింది. నాకు చాలా బాధ కలిగింది. ఏ తెరలో, ఏ బటన్ పలకడం లేదో విడివిడిగా రాసి ఫిర్యాదు పంపాను, రెండు నెలలకు సరిచేశారు. నీకూ ఇటువంటిది ఎదురైతే ఊరుకోకు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్ ఇందుకే ఉన్నది; డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న చెప్పింది. ఆ రెండింటినీ ఫిర్యాదులో పేర్కొను.

ఆ మొదటి వారం గడవగానే నీ చేతితోనే పిన్ మార్చుకో. ఆ తరువాతి ఆదివారం ఉదయం నాకు ఒక్క రూపాయి పంపు, నా ఫోను దగ్గరే పెట్టుకొని కూర్చుంటాను.