యానిమేషన్ సినిమాల్లో మంట, పొగ, వాన ఎలా చేస్తారు? మామూలు లాప్‌టాప్‌తో స్టూడెంట్ ప్రాజెక్టులో అవి చేయగలమా?

చేయగలరు. కాకపోతే పెద్ద స్టూడియోలు చేసినట్టే అన్నీ చేద్దామని కూర్చుంటే, సబ్‌మిషన్ రోజుకి చేతిలో మిగిలేది నిండిపోయిన హార్డ్ డిస్కే. నాకు జరిగింది కాబట్టి చెబుతున్నాను.

మీరు ప్రశ్నలో రాసినవి: ఫైనల్ ఇయర్ షార్ట్ ఫిల్మ్, మూడు నిమిషాలు, అందులో ఒక మంట సీను, ఒక వాన సీను, 8 జీబీ ర్యామ్ లాప్‌టాప్, నాలుగు నెలల టైమ్. నేను యానిమేషన్ చదివేటప్పుడు నా పరిస్థితీ దాదాపు ఇదే. ఆ తర్వాత కొన్నేళ్లుగా హైదరాబాద్‌లో ఎఫెక్ట్స్ ఆర్టిస్టుగా పనిచేస్తున్నాను. మంట, పొగ, దుమ్ము, నీళ్లు, కూలిపోయే గోడలు, ఇవే నా రోజువారీ పని. ఇంట్లో మాత్రం ఇప్పటికీ "మావాడు కార్టూన్ బొమ్మలు గీస్తాడు" అనే చెబుతారు.

ముందు ఒక చిన్న గందరగోళం తీర్చేస్తాను. మామూలు సినిమాలో వీఎఫ్ఎక్స్ (విజువల్ ఎఫెక్ట్స్) అంటే కెమెరాతో తీసినదానికి కంప్యూటర్లో చేసింది కలపడం. నటుల వెనక కట్టిన పచ్చతెర, అదే గ్రీన్ మ్యాట్, తీసేయడం, వైర్లు చెరిపేయడం, లేని కోట కట్టడం అన్నీ అందులోకే వస్తాయి. 3డీ యానిమేషన్‌లో తెరమీద ఉన్నదంతా కంప్యూటర్లో పుట్టిందే. మరి అక్కడ ఎఫెక్ట్స్ అంటే ఏంటి? పాత్ర కానిది, కానీ కదిలేది. నాయనమ్మ చెయ్యి ఎత్తాలంటే యానిమేటర్ ఆ చెయ్యి పట్టుకుని ఎత్తుతాడు. పొగకి పట్టుకోవడానికి చెయ్యి ఎక్కడుంది? అందుకే ఆ పనికి వేరే డిపార్ట్‌మెంట్, వేరే మనుషులు.

ఇక నా కథ. నా షార్ట్ ఫిల్మ్ భోగి రోజు తెల్లవారుజామున మొదలవుతుంది. నాయనమ్మ, మనవరాలు, వీధిలో మంట. మొదటి వెర్షన్ రెండు రోజుల్లో చేసేశాను. బ్లెండర్ అనే ఉచిత 3డీ సాఫ్ట్‌వేర్‌లో ఒక గుండు పెట్టి, దాన్నుంచి మంట రావాలని చెప్పి, బేక్ నొక్కాను, అంటే లెక్కంతా కట్టి దాచుకోమన్నాను. నిజంగానే మంట వచ్చింది. గర్వంగా సీనియర్ అన్నకి చూపించాను. పది సెకన్లు చూసి, "తమ్ముడూ, ఇది భోగి మంటా, గ్యాస్ పొయ్యా?" అన్నాడు.

రంగు బాగుంది, ఆకారం బాగుంది, ఎక్కడ తేడా కొట్టిందో నాకు అర్థం కాలేదు. అది తెలియడానికి సంక్రాంతికి ఊరెళ్లాల్సి వచ్చింది. భోగి రోజు నాలుగింటికే లేచి ఫోన్ పట్టుకుని మంట చుట్టూ తిరుగుతున్నాను. మా బాబాయి చూసి, "అందరూ చలి కాచుకుంటుంటే నువ్వేంట్రా దాని చుట్టూ తిరిగి వీడియో తీస్తావు, అదేమైనా పెళ్లికూతురా?" అన్నాడు. ఆ వీడియోలు తర్వాత ఫ్రేము ఫ్రేముగా జరుపుతూ చూశాను. పెద్ద మంట మెల్లగా ఊపిరి తీసుకుంటుంది. కింద ఉబ్బుతుంది, పైకి లేస్తుంది, కొసన ఒక ముక్క తెగి గాల్లో మాయమవుతుంది, మళ్లీ కింద ఉబ్బుతుంది. మీటరు వెడల్పున్న మంట ఇలా సెకనుకి సుమారు ఒకటిన్నర సార్లు ఎగసిపడుతుంది. సెకనుకి 24 ఫ్రేముల లెక్కన 16 ఫ్రేములకోసారి. మంట వెడల్పు నాలుగు రెట్లయితే ఆ వేగం సగానికి పడిపోతుంది. నా మంట నాలుగైదు ఫ్రేములకోసారి కొట్టుకుంటోంది. మనిషంత ఎత్తున్న మంట కొవ్వొత్తిలా రెపరెపలాడితే ఎవరికైనా బొమ్మలాగే కనిపిస్తుంది, ఎందుకో చెప్పలేకపోయినా సరే.

అన్నిటికన్నా పనికొచ్చింది ఇంకోటి. మా పిన్ని కూతురు పిడకల దండ తెచ్చి మంటలో వేసింది. వేయగానే మంట ఎగరలేదు. పైగా ఆ వైపు అణిగింది. దండ పక్కల నుంచి చిక్కగా తెల్లటి పొగ తన్నుకొచ్చింది, పిల్లలు కళ్లు నులుముకుంటూ వెనక్కి జరిగారు. రెండు మూడు సెకన్ల తర్వాత ఆ పొగలోంచే మంట ఒక్కసారిగా అందుకుంది. కారణం కష్టమైనదేమీ కాదు. చల్లగా ఉన్న పిడక వేడెక్కి, అందులోని తడి ఆవిరై, కాలే వాయువులు బయటికొచ్చేదాకా మంటకి తిండి ఉండదు. సినిమాలో దండ వేసేది మనవరాలు. అది పడగానే ఇంధనం తగ్గించి, పొగ పెంచి, సరిగ్గా 50 ఫ్రేముల తర్వాత ఇంధనం రెట్టింపు చేస్తూ కీ ఫ్రేములు (ఏ ఫ్రేములో ఎంత ఉండాలో చెప్పే గుర్తులు) పెట్టాను. సాఫ్ట్‌వేర్ అదే, లాప్‌టాప్ అదే. ఈసారి సీనియర్ అన్న ఏమీ అనలేదు, ఇంకోసారి ప్లే చేయమన్నాడు.

మరి కంప్యూటర్ లోపల ఏం జరుగుతుందంటారా? మంట చుట్టూ ఒక పెట్టె ఊహించుకోండి. దాన్ని చిన్న చిన్న గదులుగా కోస్తారు. వీటినే వోక్సెల్స్ అంటారు. ప్రతి గదిలో పొగ ఎంత, వేడి ఎంత, గాలి ఎటు ఎంత వేగంగా పోతోంది అని అంకెలుంటాయి. ప్రతి ఫ్రేముకీ వేడిగా ఉన్న గదుల్లో గాలిని పైకి తోస్తారు, ఆ గాలితో పాటు పొగనీ వేడినీ పక్క గదుల్లోకి జరుపుతారు, ఒక గదిలోకి వచ్చినంత గాలి బయటికి పోయేలా ఒత్తిడి సరిచేస్తారు. మళ్లీ మొదలు. ఈ లెక్కలు మధ్యలో పేలిపోకుండా నిలకడగా నడిచే పద్ధతిని 1999లో జోస్ స్టామ్ అనే పరిశోధకుడు చూపించాడు. గ్రాఫిక్స్‌లో పొగ పని అక్కడి నుంచే సులువైంది. బ్లెండర్‌లో ఇప్పుడు ఈ పని చేసేది మంటాఫ్లో, 2020లో 2.82 వెర్షన్‌తో వచ్చింది. పేరులో మంట ఉంది కదా అని తెలుగువాళ్లు పెట్టారనుకోకండి.

మీ లాప్‌టాప్‌కి ప్రాణసంకటం ఆ గదుల సంఖ్యే. పెట్టె ఒక వైపు ఎన్ని గదులో చెప్పే అంకె రెజల్యూషన్. అది 64 పెడితే, పెట్టె అన్నివైపులా సమానంగా ఉంటే, 64 × 64 × 64: 2,62,144 గదులు. 128 పెడితే 20,97,152. 256 అయితే 1,67,77,216. అంటే అంకె రెట్టింపు చేసిన ప్రతిసారీ పని ఎనిమిది రెట్లు. 256 దగ్గర గదికి ఒక్క అంకె దాచినా, నాలుగు బైట్ల చొప్పున, ఫ్రేముకి 67 ఎంబీ. మనం దాచేది ఒక్క అంకె కాదు, తీసేది ఒక్క ఫ్రేమూ కాదు. పెట్టెలో చాలాభాగం ఖాళీయే కదా, ఆ ఖాళీని దాచడం ఎందుకని డ్రీమ్‌వర్క్స్ వాళ్లు ఓపెన్‌వీడీబీ అనే పద్ధతి తయారుచేసి 2012లో అందరికీ ఉచితంగా ఇచ్చేశారు. ఇవాళ దాదాపు ప్రతి సాఫ్ట్‌వేర్ పొగని ఆ ఫైళ్లలోనే దాస్తుంది.

ఈ లెక్క నాకు అప్పుడు తెలియదు. 256 పెట్టి బేక్ నొక్కి పడుకున్నాను. పొద్దున్నే చూస్తే సీ డ్రైవ్ ఎర్రగా ఉంది, సిమ్యులేషన్, అంటే ఈ గదుల లెక్క, 143వ ఫ్రేము దగ్గర ఆగిపోయింది, విండోస్ కూడా సరిగ్గా తెరుచుకోవడం లేదు. సబ్‌మిషన్‌కి తొమ్మిది రోజులుంది. ఆ టెన్షన్‌లో రూమ్మేట్ హార్డ్ డిస్క్‌లో ఉన్న సినిమాలు డిలీట్ చేయించి మరీ ఖాళీ చేసుకున్నాను. వాడు ఇప్పటికీ గుర్తుచేస్తాడు. కాబట్టి మీరు 48 తోనో 64 తోనో టైమింగ్ అంతా సరిచూసుకోండి, ప్లేబ్లాస్ట్ (త్వరగా తీసే ముతక వీడియో) తీసి పది మందికి చూపించండి, చివర్లో ఒక్కసారి మాత్రమే 128కి వెళ్లండి. అడాప్టివ్ డొమైన్ టిక్ పెడితే పొగ ఉన్నంత మేరకే లెక్క నడుస్తుంది. చిన్న చిన్న సుడులు కావాలంటే నాయిస్ ఆప్షన్ ఉంది, అది అసలు కదలికని మార్చకుండా పైన వివరం చేర్చుతుంది. స్టూడియోల్లోనూ మేం ఇలాగే చేస్తాం. మొదటిరోజే హై రెజల్యూషన్‌తో కూర్చున్నవాణ్ణి లీడ్ వింతగా చూస్తాడు.

అసలు కిటుకు ఇప్పుడు చెబుతున్నా. నా సినిమాలో మంట దగ్గర జరిగే షాట్లు 14. వాటిలో మంట పూర్తిగా కనిపించేవి మూడే. మిగతా 11 షాట్లలో సిమ్యులేషనే లేదు. నాయనమ్మ మొహం మీద కిందనుంచి నారింజ వెలుతురు, దాని బలం ఇందాక చెప్పిన 16 ఫ్రేముల లయలో హెచ్చుతగ్గులవుతూ ఉంటుంది. ఫ్రేము అంచున నాలుగైదు నిప్పురవ్వలు ఎగిరిపోతాయి. వెనక గోడ మీద నీడ కదులుతుంది. సౌండ్‌లో చిటపటలు. చూసినవాళ్లెవరూ మంట లేదని పట్టుకోలేదు. మీ కథలో కూడా మంటని సూటిగా చూపించక తప్పని షాట్లు ఏవో స్టోరీబోర్డ్‌లోనే గుర్తుపెట్టుకోండి. రెండుకి మించితే కథ మళ్లీ చూసుకోండి.

నిప్పురవ్వలకి గదులూ పెట్టెలూ అక్కర్లేదు, పార్టికల్స్ చాలు. ఒక్కో చుక్కకి పుట్టుక, వేగం, రంగు, ఆయుష్షు ఇచ్చి వదిలేయడమే. లూకస్‌ఫిల్మ్‌లో విలియం రీవ్స్ ఈ పద్ధతిని 1982లో వచ్చిన ఒక స్టార్ ట్రెక్ సినిమాలో గ్రహాన్ని చుట్టేసే అగ్నిగోడ కోసం వాడాడు, మరుసటేడు పేపర్ రాశాడు. ఈ రోజుకీ అదే వాడుతున్నాం. రవ్వ వేగంగా లేస్తుంది, పైకి పోయాక పక్కకి ఊగుతుంది, పసుపు నుంచి ఎరుపుకి మారి టప్పున ఆరిపోతుంది. చాలామంది విద్యార్థులు రవ్వలు మెల్లగా చిన్నవై మాయమయ్యేలా చేస్తారు, అలా చేస్తే అవి మిణుగురుల్లా ఉంటాయి.

వాన ఇంకా సులువు, భయపడకండి. పెద్ద చినుకు సెకనుకి సుమారు 9 మీటర్ల వేగంతో పడుతుంది. అంటే ఒక్క ఫ్రేములో 37 సెంటీమీటర్లు. కెమెరా షట్టర్ ఒక్కో ఫ్రేములో సగం సేపే తెరిచి ఉంటుంది కాబట్టి తెరమీద అది జానెడు గీత. అంతే, వాన అంటే వాలుగా పడే జానెడు గీతలు. సన్నటి గీతల పార్టికల్స్ రెండు మూడు వరసల్లో, దగ్గరవి పెద్దవిగా, దూరానివి చిన్నవిగా పెట్టండి. వెలుతురు వాన వెనకనుంచి రావాలి, లేకపోతే ఎంత వాన కురిసినా కనపడదు. వీధి దీపం కింద వాన ఎలా కనిపిస్తుందో గుర్తు తెచ్చుకోండి. నేలమీద చినుకు చిట్లడాన్ని నాలుగైదు రకాలుగా ఒక్కసారి చేసుకుని, వాటినే తిప్పి తిప్పి అంతటా చల్లేయండి.

కానీ నీళ్లు ప్రవహించడం, బిందె ఒలకడం, పాత్ర తడిసి ముద్దవడం మాత్రం పెట్టుకోకండి. పెద్ద స్టూడియోలు కూడా ఇలాంటివాటికి ప్రత్యేకంగా పరిశోధకుల్ని పెట్టుకుంటాయి. డిస్నీ వాళ్లు 2013లో ఫ్రోజెన్ సినిమా కోసం మంచు చేయాల్సి వచ్చింది. మంచు పూర్తిగా నీళ్లలానూ కదలదు, పూర్తిగా రాయిలానూ ఉండదు, పిసికితే ముద్దవుతుంది, తన్నితే పొడవుతుంది. దానికోసం అమెరికాలోని యూసీఎల్ఏ యూనివర్సిటీ గణితం వాళ్లతో కలిసి కొత్త లెక్కే కట్టారు. మన దగ్గర అంత మంది లేరు.

బొమ్మ 2డీ అయితే సిమ్యులేషన్ జోలికే పోవద్దు. బ్లెండర్‌లోని గ్రీజ్ పెన్సిల్‌తోనో, క్రిటా అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లోనో ఎనిమిది బొమ్మల మంట సైకిల్ గీసి, ఒక్కోటి రెండు ఫ్రేముల చొప్పున పెడితే 16 ఫ్రేములు. మళ్లీ అదే లయ, చూశారా.

రెండర్ చేసేటప్పుడు, అంటే చివరి బొమ్మలు తీసేటప్పుడు, మంటని, పాత్రల్ని వేరు వేరుగా తీసుకోండి, ఈఎక్స్ఆర్ అనే రకం బొమ్మల ఫైళ్లలో. అన్నీ కలిపి ఒకేసారి తీస్తే, మంట కాస్త ఎక్కువైంది అని గైడ్ అన్న రోజు మొత్తం మళ్లీ రెండర్ చేయాలి. వేరుగా ఉంటే కంప్‌లో (విడిగా తీసినవాటిని కలిపే చోట) ఒక్క స్లైడర్ తగ్గిస్తే పోతుంది. కంప్‌కి బ్లెండర్‌లో ఉన్నదే సరిపోతుంది.

ఎఫెక్ట్స్ సాఫ్ట్‌వేర్ హూడినీ నేర్చుకోవాలా అని చివర్లో అడిగారు. ఎఫెక్ట్స్‌లోనే ఉద్యోగం కావాలంటే తప్పదు, ఇక్కడి స్టూడియోలు అదే అడుగుతాయి. నేర్చుకోవడానికి అప్రెంటిస్ వెర్షన్ ఉచితం, రెండర్ మీద వాటర్‌మార్క్ పడుతుంది. ఈ నాలుగు నెలల్లో మాత్రం దాని జోలికి వెళ్లకండి, మీకు చేయి తిరిగిన దాంట్లోనే ప్రాజెక్టు పూర్తిచేయండి. ముందు ఈ వారం ఎక్కడైనా చెత్త తగలబెట్టేవాళ్లో, టీ కొట్టు కట్టెల పొయ్యో కనిపిస్తే ఒక నిమిషం వీడియో తీసుకోండి. ఫోన్ అడ్డంగా పట్టుకుని, చెయ్యి కదపకుండా, పక్కన ఎవరైనా మనిషి నిలబడి ఉండగా తీయండి. మనిషి లేకపోతే మంట ఎంత ఎత్తుందో తర్వాత తెలియదు.